క్షమాపణ దొరికింది సరే, మరి చెల్లెలి బాకీ?

పెన్సిల్ లెక్క

అందరికీ వందనాలు. ఇక్కడ ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా సంఘంలో ఇంకెవరినీ అడిగే ధైర్యం లేక ఇక్కడ అడుగుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నాది లెక్కలు రాసే ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా డెబిట్లు, క్రెడిట్లు, టాలీ కాకపోతే రాత్రిదాకా కుర్చీలోనే. ఊళ్లోవాళ్ల లెక్కలో చిన్న తేడా వచ్చినా నాకు నిద్ర పట్టదు. నా సొంత లెక్కలో మాత్రం ఆరేళ్లుగా తేడా ఉంది.

అమ్మ చాలాకాలం మంచాన ఉండి పోయింది. పోయేముందు తన నగలు నా చేతిలో పెట్టి "సగం నీది, సగం దానిది" అంది. అంటే నా చెల్లెలిది. అప్పుడు గదిలో ఇంకెవరూ లేరు. అమ్మ పోయాక నగలన్నీ నేనే అమ్మేశాను. వచ్చినదాంట్లో మూడోవంతు నిజంగానే వైద్యం బిల్లులకు పోయింది. మిగతాదాంతో నా సొంత అప్పు తీర్చుకున్నాను. చెల్లెలితో మాత్రం "అంతా ఆస్పత్రికే అయిపోయిందమ్మా" అన్నాను.

అది నమ్మింది. నమ్మి ఊరుకోలేదు. "పాపం అన్నయ్యా, అంతా నువ్వొక్కడివే మోశావు" అని తర్వాత రెండు నెలలు తన జీతంలోంచి నాకు డబ్బు పంపింది. నేను తీసుకున్నాను. ఈ వాక్యం టైప్ చేయడానికే నాకు చాలాసేపు పట్టింది.

దానికి రావాల్సిన వాటా ఎంతో ఒక డైరీ చివరి పేజీలో రాసిపెట్టుకున్నాను. నా ఎనిమిది నెలల జీతమంత. పెన్సిల్‌తో రాశాను, ఎప్పుడైనా చెరిపేయొచ్చని కాబోలు.

పోయినేడాది ప్రభువును నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నాను. సాక్ష్యం చెప్పేటప్పుడు "పాత జీవితంలో ఎన్నో తప్పులు చేశాను" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అందరూ ఆమెన్ అన్నారు. చెల్లెలు కూడా వచ్చింది. ముందు వరసలో కూర్చుని, అన్నయ్య మారాడని ఏడ్చింది.

అప్పట్నుంచి ప్రభువు బల్ల దగ్గరికి, రొట్టె తీసుకోవడానికి వెళ్లినప్పుడల్లా అదే గుర్తొస్తోంది. రొట్టె చేతిలో ఉంటుంది, నా కళ్ల ముందు డైరీ పేజీ ఉంటుంది. మా సంఘంలో ఒక పెద్దాయనకు చెప్పుకున్నాను. "ప్రభువు నీ పాపాల్ని సముద్రపు అగాధాల్లో పడేశాడు, మీకా 7:19 చదువు. నువ్వెందుకు మళ్లీ తవ్వుతావు? అది సాతాను వేసే నింద" అన్నారు. ఆయన ప్రేమతోనే అన్నారు. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను కూడా. ఒక్క రాత్రే.

మత్తయి 18లో రాజు తన పదివేల తలాంతుల బాకీ మాఫీ చేసినా, తనకు బాకీ ఉన్న తోటి దాసుణ్ని మాత్రం వదలని దాసుడి కథను నా ఉద్యోగం అలవాటు కొద్దీ లెక్కగట్టి చూశాను. ఒక తలాంతు అంటే సుమారు ఆరువేల దేనారాలు, దేనారం అంటే ఒక రోజు కూలి. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి మూడొందల రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లు. తోటి దాసుడు అతనికి బాకీ ఉన్నది నూరు దేనారాలు, అంటే మూడు నెలల పైచిలుకు కూలి. ఆ కథలో నేనెవర్ని? రెండు లక్షల ఏళ్ల బాకీ మాఫీ అయినవాణ్ని, అక్కడిదాకా సరిపోయింది. కానీ నూరు దేనారాలు నాకు రావాల్సినవి కావు, నేను ఇవ్వాల్సినవి! పై బాకీ మాఫీ అయ్యాక కింది బాకీ ఇవ్వాల్సినవాడు ఏం చేయాలో ఆ కథలో నాకు కనపడలేదు.

అందుకని రెండు ప్రశ్నలు. దేవుడు క్షమించాక కూడా నేను డబ్బు తిరిగిస్తే "నీ కృప చాలలేదు" అన్నట్టు అవుతుందా? రెండోది, ఇవ్వాలి అంటే విషయం చెప్పే ఇవ్వాలా? మేనకోడలి చదువుకని చెప్పి మెల్లమెల్లగా ఇచ్చేస్తే సరిపోదా? ఇల్లు రెండు ముక్కలవుతుందేమో అని భయం. నా భార్యకు కూడా ఇదేమీ తెలియదు.

---

కృపాతిశయం

ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. మీ పోస్టు చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ముందుగా ఒక్క మాట: రోమా 8:1. క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు. దీన్ని గట్టిగా పట్టుకోండి.

మీ పెద్దాయన చెప్పింది తప్పని నేననుకోను. యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగను చూడండి. ఎవరి సొత్తు ఎవరికి తిరిగిచ్చాడు? "నన్ను జ్ఞాపకము చేసికొనుము" అన్నాడు, అదే రోజు పరదైసు. దావీదు 51వ కీర్తనలో "నీకు కేవలము నీకే విరోధముగా" పాపం చేశానన్నాడు. పాపం అంటే చివరికి దేవునితో లెక్క. ఆ లెక్క సిలువ దగ్గర తీరింది.

ఇవ్వాలనిపిస్తే ప్రేమతో ఇవ్వండి, ఎవరూ వద్దనరు. కానీ ఇస్తేనే శాంతి వస్తుంది అనుకుంటే మాత్రం మళ్లీ క్రియల కిందికి వెళ్లిపోయినట్టే. గలతీయులకు పౌలు ఎంత కోపంగా రాశాడో మీకు తెలుసు. నేను కూడా చాలా ఏళ్లు ఏదో ఒకటి చేసి దేవుణ్ని మెప్పించాలని చూసి అలిసిపోయినవాణ్నే. అందుకే భయపడి చెబుతున్నాను. మీకోసం ప్రార్థిస్తాను.

---

అడ్డప్రశ్న

నేను దేవుణ్ని నమ్మను, అప్పుడప్పుడూ ఇక్కడికొచ్చి చదువుతుంటాను. కోపం తెచ్చుకోకండి. దేవుణ్ని పక్కన పెడితే ఇందులో అసలు ప్రశ్నేముంది? తీసుకున్నారు, ఇచ్చెయ్యండి. మీవాళ్లు క్షమాపణ సంగతి తెచ్చాకే ఇది కష్టమైన ప్రశ్న అయినట్టుంది.

---

మేడిచెట్టు

అడ్డప్రశ్న గారూ, కోపం ఎందుకండీ. మీరన్నది చదివి సిగ్గనిపించింది, సిగ్గుపడాల్సిందే. కృప గురించి మా మాటలు విని నమ్మనివాళ్లకు ఇలా అనిపిస్తుంటే ఎక్కడో మేం తప్పు చెబుతున్నట్టే.

పెన్సిల్ లెక్క గారూ, ముప్పై ఏళ్లు ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషిని. వేదాంతం చదువుకోలేదు. పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ చదువుకున్నదే. ఒకసారి ఒక పిల్లవాడు "టీచర్, నేను వాడి పెన్ను తీసుకున్నాను, యేసయ్యకు సారీ చెప్పేశాను, ఇక పెన్ను నాదేనా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మీ ప్రశ్న కూడా ఆ పెన్ను ప్రశ్నే.

లేవీయకాండం 6వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు తీసి చూడండి. ఎవడైనా తనకు అప్పగించినదాని గురించి పొరుగువాడితో బొంకితే ఏం చేయాలో అక్కడుంది. అప్పగించినదాని గురించి బొంకడం! మీ అమ్మగారు మీ చేతిలో పెట్టిన నగలు గుర్తొచ్చాయి నాకు. అక్కడ వరస గమనించండి. మొదట సొమ్ము మొత్తం, దాని మీద అయిదోవంతు కలిపి సొంతదారుడికి ఇవ్వాలి. ఆ తర్వాత పొట్టేలును యాజకుడి దగ్గరికి తేవాలి. దేవుడికి ఇచ్చే పొట్టేలు పొరుగువాడి సొమ్ముకు బదులు కాదు. రెండూ వేరు పద్దులు, మీ భాషలో చెప్పాలంటే. యూదుల పాత ధర్మగ్రంథం మిష్నాలో కూడా ఇదే ఉంది: మనిషికీ దేవుడికీ మధ్య పాపాలకు ప్రాయశ్చిత్త దినం సరిపోతుంది, మనిషికీ మనిషికీ మధ్య ఉన్నవాటికి మాత్రం ఆ మనిషిని సమాధానపరిచేదాకా సరిపోదు అని.

ఇదంతా పాత నిబంధన అంటారేమో. కొండమీద ప్రసంగంలో యేసు కూడా అదే వరస పెట్టాడు. మత్తయి 5:23, 24. బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తుండగా నీ మీద నీ సహోదరుడికి విరోధం ఉందని "అక్కడ నీకు జ్ఞాపకము వచ్చినయెడల" అర్పణ అక్కడే వదిలి వెళ్లమన్నాడు. "అక్కడ" అన్న మాట చూడండి. బలిపీఠం దగ్గరే జ్ఞాపకం వస్తుందని ఆయనకు తెలుసు. మీకు రొట్టె చేతిలో ఉన్నప్పుడు డైరీ పేజీ కనపడటం సాతాను నింద అని నాకైతే అనిపించడం లేదు. నింద మనిషిని మూలకు నెట్టి కూర్చోబెడుతుంది. ఇది మిమ్మల్ని లేచి చెల్లెలింటికి వెళ్లమంటోంది.

ఇక కృపాతిశయం గారు చెప్పిన సిలువ మీద దొంగ. ఆయన చేతులు సిలువకు ఉన్నాయండీ. మీ చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా.

దావీదు సంగతి కూడా అంతే. 51వ కీర్తన పైన నాతాను ప్రవక్త పేరుంది, ఆ కథ 2 సమూయేలు 12లో ఉంది. దావీదు ఎవరికి బాకీ? ఊరియాకు. అతని భార్యను తీసుకుని, అతణ్ని చంపించాడు. ఊరియా అప్పటికే చనిపోయాడు, తిరిగివ్వడానికి మనిషే లేడు. బీదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని నాతాను చెప్పిన కథ వినగానే, అది తన కథే అని తెలియక, దావీదు నోటివెంట ఏం వచ్చిందో చూడండి: ఆ మనిషి ఆ గొర్రెపిల్లకు ప్రతిగా నాలుగు ఇవ్వాలి అన్నాడు. ధర్మశాస్త్రం ఆయనకు అంత బాగా తెలుసు. పరాయివాడి విషయంలో బాగా తెలుసు.

ఆ నాలుగంతలే మళ్లీ జక్కయ్య నోట వస్తుంది. యేసును చూడాలని మేడిచెట్టు ఎక్కిన సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. లూకా 19. నాకు మేడిచెట్టు అని ఎందుకు పేరు పెట్టుకున్నానో తెలిసిపోయి ఉంటుంది. తనంతట తాను ఒప్పుకున్నవాడు అయిదోవంతు కలిపిస్తే చాలు, సంఖ్యాకాండం 5:7 అదే చెబుతుంది. గొర్రెను దొంగిలించి కోసేసినవాడికి పడే నాలుగంతలు జక్కయ్య తనకు తానే వేసుకున్నాడు. పైగా ఆస్తిలో సగం ముందే బీదలకు పోయింది. మిగిలిన సగంలోంచి నాలుగంతలు ఇవ్వాలంటే, మొత్తం ఆస్తిలో ఎనిమిదోవంతుకు మించి అన్యాయపు సొమ్ము ఉందనుకోండి, జక్కయ్య ఇంట్లో ఇక ఏమీ మిగలదు. మీరు లెక్కలవారు, సరిచూసుకోండి.

అయితే ఇవన్నీ ఇచ్చాడని యేసు ఆయన ఇంటికి వెళ్లలేదు. ముందు పిలిచాడు. చెట్టు మీద ఉండగానే, ఒక్క నాణెం కూడా తిరిగివ్వకముందే, నేడు నీ ఇంట ఉండాలి అన్నాడు. జనం సణిగింది అందుకే. జక్కయ్య డబ్బు సంగతి ఎత్తింది ఆ తర్వాతే. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇక్కడుంది. మీరు చెల్లెలికి తిరిగిస్తే "కృప చాలలేదు" అన్నట్టు కాదు. కృప మీ ఇంటిదాకా వచ్చింది కాబట్టే ఆ డైరీ తెరిచే ధైర్యం వచ్చింది.

ఒక్క మాట చెప్పి ఆపుతాను, మా ఆవిడ ఇప్పటికే లైటు తీసేయమంటోంది. ఇశ్రాయేలీయుల ఆరాధన డేరా, ప్రత్యక్షగుడారంలో, మందసం అనే పెట్టెకు మూతగా కరుణాపీఠం ఉంది కదా. దాని కింద మందసంలో ఏముంది? ఆజ్ఞల పలకలు. "దొంగిలకూడదు" అని రాసిన రాయి మీదే కరుణాపీఠం ఉంది. పీఠం పెట్టాం కదా అని ఆ రాతిని ఎవరూ తీసి పారేయలేదు.

---

జపమాల

మేం కతోలికులం. గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో మాకు ఇది చిన్నప్పుడే నేర్పుతారు. మా సభ బోధల గ్రంథం సత్యోపదేశం 1459వ పేరాలో ఉంది: పాపవిమోచనం పాపాన్ని తీసేస్తుంది, పాపం వల్ల జరిగిన నష్టాన్నంతా సరిచేయదు. దొంగిలించింది తిరిగివ్వడం అక్కడ ఉదాహరణగానే రాశారు. కాబట్టి ఇవ్వాలా వద్దా అన్నదాంట్లో మాకు సందేహం లేదు.

రెండో ప్రశ్నలో మాత్రం నేను మీ పక్షం. తిరిగివ్వడం తప్పనిసరి, అందరి ముందూ పరువు పోగొట్టుకోవడం తప్పనిసరి కాదు. మా గురువులు కొన్నిసార్లు రహస్యంగా చేర్చే మార్గం కూడా చెబుతారు. సొమ్ము సొంతదారుడికి చేరడం ముఖ్యం. మేనకోడలి చదువుకని ఇచ్చినా చేరాల్సిన ఇంటికే చేరుతుంది. ఇల్లు విడిపోవడం వల్ల ఎవరికి లాభం?

---

రెండో బిడ్డ

జపమాల గారూ, మీరన్నది ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర దొంగిలించినప్పుడు సరిపోవచ్చు. ఇక్కడ సరిపోదు. ఎందుకంటే నేను ఆ చెల్లెలి స్థానంలో ఉన్నదాన్ని.

మా అన్నయ్య కూడా ఇలాంటిదే చేశాడు, నగలు కాదు, స్థలం. వాడు ఒప్పుకోవడానికి నాలుగేళ్ల ముందే నాకు తెలుసు. అవునండీ, తెలుసు. తెలిసి ఊరుకున్నాను, అడిగితే అన్నయ్య లేకుండా పోతాడని. మీ చెల్లెలికి తెలియదని అంత గట్టిగా ఎలా అనుకుంటున్నారు? తెలియకపోవచ్చు. తెలిసీ ఉండొచ్చు.

మేనకోడలి చదువు మాట నాకు ఒళ్లు మండించింది, క్షమించండి. అలా ఇస్తే ఏమవుతుందో ఆలోచించారా? మీ చెల్లెలు మళ్లీ ఏడుస్తుంది, మా అన్నయ్య ఎంత మంచివాడో అని. దాని డబ్బు దానికే ఇచ్చి మీరు మంచి మేనమామ అనిపించుకుంటారు. ఒకసారి రెండు నెలల జీతం పంపి కృతజ్ఞత చూపించింది, ఇంకోసారి చూపిస్తుంది. మీరు దాని దగ్గర్నుంచి మూడోసారి తీసుకున్నట్టు అవుతుంది.

మా అన్నయ్య ఏం చేశాడో చెబుతాను, అది మాత్రం మీరు చేయొద్దు. ఒక ఉపవాస కూడికలో కదిలిపోయి నేరుగా మా ఇంటికొచ్చాడు. బైబిలు చేతిలో ఉంది, పక్కన ఇద్దరు ప్రార్థనవాళ్లు. జరిగిందంతా చెప్పి, కవరు చేతిలో పెట్టి, "ప్రభువు నన్ను క్షమించాడు, నువ్వూ క్షమించానని చెప్పు" అన్నాడు. ముగ్గురూ నా మొహంలోకి చూస్తున్నారు. దేవుడే క్షమించాక కాదనడానికి నేనెవర్ని? చెప్పాను. వాళ్లు స్తోత్రం అన్నారు. వాళ్లు వెళ్లాక వంటగదిలో నిలబడి గంటసేపు ఏం చేయాలో తెలియలేదు నాకు. డబ్బు తిరిగొచ్చింది కానీ నా కోపం నాకు ఉండే హక్కు కూడా పట్టుకుపోయారనిపించింది.

తర్వాత నిజంగా క్షమించాను, దానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా అన్నయ్య "ఇంకా కోపం ఉందా" అని అడగలేదు. అడిగితే బాగుండేది.

మీకు చెప్పేది ఇంతే. ఒంటరిగా వెళ్లండి. ఫోన్లో చెప్పకండి. ముందు మీ భార్యకు చెప్పండి, ఎనిమిది నెలల జీతం అంటే ఆమె ఇల్లు కూడా. చెల్లెలి దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పండి, "అప్పుడు నా పరిస్థితి" అని మొదలుపెట్టకండి. ఆ రెండు నెలల జీతం సంగతి మీరే ముందు ఎత్తండి. వాక్యాలు ఎత్తకండి. క్షమించమని అడగొచ్చు, జవాబు అప్పుడే కావాలని కూర్చోవద్దు.

---

కృపాతిశయం

సిస్టర్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. సిలువ మీద దొంగ గురించి నేను తేలిగ్గా మాట్లాడాననిపిస్తోంది. మేడిచెట్టు గారు చేతుల గురించి అన్నదానికి నా దగ్గర జవాబు లేదు.

అయినా నా భయం పూర్తిగా పోలేదు. రేపు ఈ బ్రదర్ మొత్తం ఇచ్చేశాడనుకోండి. ఆ తర్వాత "ఇప్పుడు నేను శుద్ధుణ్ని" అనుకుంటే? అది ఇంకో గుంట కదా. లూకా 18లో ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడు కూడా తన సంపాదన అంతట్లో పదోవంతు లెక్కగట్టి ఇచ్చినవాడే. ఇంటికి నీతిమంతుడిగా వెళ్లింది మాత్రం "పాపినైన నన్ను కరుణించుము" అన్న సుంకరి.

---

మేడిచెట్టు

మీ భయం అనవసరం అననండి. అది నిజమైన గుంటే, నేనూ పడ్డాను అందులో. కానీ సుంకరి ఇంటికి వెళ్లాక ఏం చేశాడో లూకా 18 చెప్పలేదు. తర్వాతి అధ్యాయంలోనే ఇంకో సుంకరిని చూపించాడు, సుంకరుల పెద్దను. లూకా కావాలనే అలా పక్కపక్కన పెట్టాడో లేదో పండితులు తేల్చాలి. నాకు మాత్రం ఆ రెండూ ఒకే మనిషి ఉదయం, సాయంత్రం లాగా కనిపిస్తాయి.

పెన్సిల్ లెక్క గారు తన బాకీ సంగతి ఆ దాసుడి కథలో లేదన్నారు కదా, నిన్నంతా అదే ఆలోచించాను. ఆ సంగతి ఫిలేమోను పత్రికలో ఉందండీ. ఒకే అధ్యాయం, ఇరవై అయిదు వచనాలు. ఒనేసిము అనే దాసుడు తన యజమాని ఫిలేమోను దగ్గర్నుంచి వచ్చేసి పౌలు చేతిలో విశ్వాసి అయ్యాడు. పౌలు ఆయన్ని తిరిగి పంపుతూ ఉత్తరం రాశాడు. "ఇప్పుడు క్రీస్తులో సహోదరుడు, కాబట్టి పాత బాకీల మాట ఎత్తొద్దు" అని రాసి ఉండొచ్చు, అపొస్తలుడు కదా, ఆ మాట చెల్లేది. ఏం రాశాడో చూడండి, 18, 19 వచనాలు: నీకు ఏదైనా నష్టం చేసి ఉంటే, బాకీ ఉంటే "అది నా లెక్కలో చేర్చుము", నా చేత్తో రాస్తున్నాను, నేనే తీరుస్తాను అన్నాడు.

బాకీని సున్నా చేయలేదు. పద్దు మార్చాడు. సిలువ గురించి నేను ఎన్నో పాఠాలు చెప్పాను కానీ, లెక్కల భాషలో ఇంత తేటగా ఇంకెక్కడా చూడలేదు. కృప అంటే ఎవరో ఒకరు తీర్చడమే. పై బాకీ తీర్చడం మీ వల్ల కాదు, అది ఆయన తన లెక్కలో రాసుకున్నాడు. కింది బాకీ మీ ఎనిమిది నెలల జీతం, అది మీ చేతనవుతుంది. చేతనైనది కూడా ఆయన లెక్కలోకి తోసేసి మీరు స్తోత్రం అంటే, తీర్చేది యేసు కాదండీ, మీ చెల్లెలు.

---

అడ్డప్రశ్న

ఈ చివరి మాట బాగుంది. నమ్మకపోయినా దాచుకుంటాను.

---

పెన్సిల్ లెక్క

మూడు వారాలు రాయలేదు, క్షమించండి. అందరి మాటలూ చాలాసార్లు చదివాను. రెండో బిడ్డ గారిది నా భార్యకు చదివి వినిపించాను. ఆమెకు విషయం చెప్పడం మొదలుపెట్టింది అలాగే, నా మాటలు నాకు దొరక్క. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు డైరీ తెమ్మంది. పేజీ చూసి "అయిదోవంతు కలపలేదే" అంది. అంటే మేడిచెట్టు గారి జవాబు కూడా ఆమె చదివిందన్నమాట.

పోయిన శనివారం చెల్లెలింటికి ఒక్కణ్నే వెళ్లాను. వాక్యాలు ఎత్తలేదు. పరిస్థితులు చెప్పలేదు, ఒకసారి నోటిదాకా వచ్చింది, మింగేశాను. రెండు నెలల జీతం సంగతి ముందే చెప్పేశాను.

అది చాలాసేపు మాట్లాడలేదు. దానికి తెలుసో లేదో నేను అడగలేదు, మొహంలో పోల్చుకోలేకపోయాను. తర్వాత అది అడిగిన మొదటి మాట డబ్బు గురించి కాదు. "అమ్మ గాజులు ఎక్కడ అమ్మావు?" అంది. చెప్పాను. "ఇంకా ఉంటాయా?" అంది. ఆరేళ్లయింది, కరిగించేసి ఉంటారు అన్నాను. అప్పుడు లేచి లోపలికి వెళ్లిపోయింది. ఇవన్నీ లెక్కగట్టినవాణ్ని, ఆ గాజులు దానికి గాజులుగానే కావాలేమో అన్న ఆలోచన ఈ ఆరేళ్లలో నాకు ఒక్కసారి కూడా రాలేదు. దానికి నాలుగంతలు ఎలా ఇవ్వాలో మేడిచెట్టు గారికైనా తెలుస్తుందా?

తిరిగొచ్చాక కాగితం చూపించాను. వాటా, దాని రెండు నెలల డబ్బు, అయిదోవంతు. మొత్తం ఒకేసారి ఇవ్వలేను, ఉన్నది ఇప్పుడు ఇచ్చి మిగతాది నెలనెలా పంపుతానన్నాను. కాగితం చదివి మడిచి తన దగ్గరే పెట్టుకుంది. క్షమించాను అనలేదు. నేనూ అడిగి ఊరుకున్నాను.

గుమ్మం దాకా వచ్చి, "నెలనెలా పంపు, రసీదులు మాత్రం నేనివ్వను" అంది. అది నవ్వో కోపమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

డైరీ పేజీ మీద పెన్సిల్ అంకెల్ని పెన్నుతో దిద్దాను. మొదటి వాయిదా నిన్న పంపాను.